డెడ్‌లైన్ దాటకముందే అడగండి: యూకే యూనివర్సిటీల్లో ఎక్స్‌టెన్షన్, ఈసీ దరఖాస్తు పెట్టే పద్ధతి

నేను యూకేలో ఎం.ఎస్సీ. చదివిన ఏడాది, జనవరి పరీక్షకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున మామయ్య ఫోన్ చేశాడు. అమ్మమ్మ పోయింది. టికెట్ కొనే డబ్బు చేతిలో లేదు, కొన్నా చివరిచూపుకి అందుకోలేను. ఆ రెండు రోజులూ హాస్టల్ గదిలో కూర్చుని అంతా వీడియో కాల్‌లోనే చూశాను. మూడో రోజు పొద్దున్నే లేచి పరీక్షకు వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే సాకు అనుకుంటారేమోనని మొహమాటం. 38 మార్కులు వచ్చాయి. మాస్టర్స్‌లో పాస్ మార్కు 50. ఫలితాలు చూసుకున్నాక, ఇలాంటి కష్టం వచ్చిందని యూనివర్సిటీకి చెప్పుకునే ఈసీ ఫారం పెడితే రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. మీరు పరీక్షకు హాజరయ్యారు కాబట్టి రాయగల స్థితిలోనే ఉన్నారని భావిస్తాం, పైగా దరఖాస్తు గడువు కూడా దాటిపోయింది అని.

పరీక్షకు ముందు రోజు ఒక్క ఫారం నింపి ఉంటే ఆ పరీక్షను తర్వాత మొదటిసారిలాగే, మార్కులకు పరిమితి లేకుండా రాసుకునేదాన్ని. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదా. ఇక్కడి యూనివర్సిటీలు అడిగితే చాలావరకు పెడతాయి. కానీ వేళకు అడగాలి, వాళ్ళు చెప్పిన చోట అడగాలి. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వచ్చి ఇక్కడ చదువుతున్నవాళ్ళు ఆ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

1. మీ యూనివర్సిటీ దీన్ని ఏమంటుందో కనుక్కోండి

పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. లండన్‌లోని యూసీఎల్‌లో ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు, పొట్టిగా ఈసీ. మాంచెస్టర్‌లో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు, పిల్లల నోట్లో మిట్ సర్క్స్. పేరేదైనా అర్థం ఒకటే. అనుకోకుండా వచ్చి, మీ చేతిలో లేకుండా, మీ చదువును బాగా దెబ్బతీసిన పరిస్థితి. అసలు దరఖాస్తును తూచేది ఈ మూడు మాటలతోనే: అనుకోనిది, చేతిలో లేనిది, బాగా దెబ్బతీసింది. నేను ఇక్కడ ఈసీ అనే రాస్తాను.

మీ కోర్సు హ్యాండ్‌బుక్ తెరిచి నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఫారం ఏ పోర్టల్‌లో ఉంది, ఎన్ని రోజుల్లోగా పెట్టాలి, ఆధారం లేకుండా ఎన్నిసార్లు అడగవచ్చు, ఆలస్యంగా సబ్మిట్ చేస్తే ఎన్ని మార్కులు పోతాయి. ఈ పని సెప్టెంబర్‌లో, ఏ కష్టమూ లేనప్పుడే చేసి పెట్టుకోండి. జ్వరంతో పడుకున్నప్పుడు అరవై పేజీల పాలసీ చదవడం ఎవరివల్లా కాదు.

సీనియర్ చెప్పాడనో, వేరే యూనివర్సిటీలో స్నేహితురాలికి ఇచ్చారనో నమ్ముకోవద్దు. ఒకే యూనివర్సిటీలో కూడా రూల్స్ ఏటా మారుతుంటాయి.

2. మీ ఇబ్బంది ఏ దారికి చెందుతుందో తేల్చుకోండి

ఇక్కడ మూడు దారులున్నాయి. చాలామంది తప్పుదారిలో నిలబడి, పని కాలేదని బాధపడతారు.

మొదటిది చిన్న ఎక్స్‌టెన్షన్, అంటే గడువు పొడిగింపు. నాలుగు రోజులు జ్వరం వచ్చింది, కడుపు పాడైంది, ఇంకొంచెం టైమ్ ఉంటే పూర్తి చేయగలరు. దీనికి చాలా చోట్ల సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉంటుంది. డాక్టర్ కాగితం అక్కర్లేదు, మీ మాట మీదే కొన్ని రోజులు ఇస్తారు. ఏడాదికి ఇన్నిసార్లే అన్న లెక్క ఉంటుంది కాబట్టి మొదటి టర్మ్‌లోనే చిన్నచిన్న వాటికి వాడేసుకోకండి. గ్రూప్ ప్రాజెక్టులకీ, హాల్లో రాసే పరీక్షలకీ ఇది సాధారణంగా వర్తించదు.

రెండోది అసలు ఈసీ దరఖాస్తు. పెద్ద అనారోగ్యం, ఇంట్లో మరణం, యాక్సిడెంట్, దాడి లేదా దొంగతనం లాంటివి. ఆధారం కావాలి. ఒక కమిటీయో అధికారో చూసి నిర్ణయిస్తారు.

మూడోది దీర్ఘకాలిక సమస్య. ఆస్తమా, మధుమేహం, డిప్రెషన్, డిస్లెక్సియా, విడవని మైగ్రేన్. వీటికి ప్రతి డెడ్‌లైన్‌కీ ఈసీ పెట్టుకుంటూ పోతే ఒకటి రెండు సార్లయ్యాక, ఇది మీకు ముందే తెలిసిన సమస్య కదా అంటారు. వెళ్ళాల్సింది డిసబిలిటీ సర్వీస్ దగ్గరికి. ఆ పేరు చూసి మనవాళ్ళు భయపడతారు. నాకేం వైకల్యం ఉందని అనుకుంటారు, రికార్డులో పడితే పెళ్ళికీ ఉద్యోగానికీ అడ్డమవుతుందేమోనని అమ్మానాన్నలూ అంటారు. ఆ రికార్డు మీ డిగ్రీ పట్టా మీద రాదు. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం పన్నెండు నెలలు, అంతకు మించి మీ రోజువారీ జీవితాన్ని బాగా ఇబ్బంది పెట్టే శారీరక, మానసిక సమస్యలన్నీ దీని కిందికి వస్తాయి. తగిన ఏర్పాట్లు చేయడం యూనివర్సిటీ బాధ్యత. పరీక్షలో అదనపు సమయం, విడిగా గది, డెడ్‌లైన్లలో వెసులుబాటు ఏడాది పొడవునా ఉంటాయి. తీవ్రమైన సోషల్ యాంగ్జైటీతో బాధపడుతూ 2018లో చనిపోయిన ఒక విద్యార్థిని విషయంలో, నోటితో చెప్పాల్సిన పరీక్షలకు తగిన మార్పులు చేయలేదని బ్రిస్టల్ యూనివర్సిటీని కోర్టు తప్పుపట్టింది. 2024లో హైకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన విషయం కాదిది. ముందే చెప్పండి.

3. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

చెల్లేవి పైన చెప్పాను. మనవాళ్ళు ఎక్కువగా పెట్టి తిరస్కారం తెచ్చుకునేవి ఇవి: ల్యాప్‌టాప్ పాడైంది, ఫైలు పోయింది, ఒకే వారంలో మూడు డెడ్‌లైన్లు పడ్డాయి, డెడ్‌లైన్ తేదీ తప్పు చూసుకున్నాను, అక్క పెళ్ళికి ఇండియా వెళ్ళాను, ముందే బుక్ చేసిన ఫ్లైట్ ఉంది. పార్ట్‌టైమ్ షిఫ్టులు కూడా ఇంతే. అద్దె కట్టుకోవడానికి రాత్రుళ్ళు వేర్‌హౌస్‌లో నిలబడేవాళ్ళ కష్టం నాకు తెలుసు. అయినా ఉద్యోగం మీరు ఎంచుకున్నదే అంటుంది పాలసీ. ఇంకో సంగతి, ఏడాది మాస్టర్స్ వాళ్ళకి వేసవిలో డిసర్టేషన్ (చివరి పరిశోధనా వ్యాసం) రాసే నెలలు కూడా టర్మ్ కిందికే వస్తాయి. వారానికి 20 గంటలే పని చేయాలన్న వీసా పరిమితి అప్పుడూ ఉంటుంది.

సబ్మిషన్ వేళ గురించి ఒక మాట. ఇంటికి వెళ్ళి ఇండియా నుంచి అప్‌లోడ్ చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. వేసవిలో మన టైమ్ యూకే కంటే నాలుగున్నర గంటలు ముందు, చలికాలంలో ఐదున్నర. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారం మారుతుంది. సాయంత్రం 4 గంటల డెడ్‌లైన్ అంటే జూన్‌లో మనకి రాత్రి 8.30, జనవరిలో 9.30. లెక్క తప్పితే అది మీ పొరపాటు కిందే పోతుంది, ఈసీ కిందికి రాదు.

4. ఆధారాలు: అసలు పని ఇక్కడే

పదిలో తొమ్మిది దరఖాస్తులు నిజమైన కష్టంతోనే వస్తాయని నా నమ్మకం. తేలిపోయేది కాగితాల దగ్గర.

ఆధారంలో మూడు కనబడాలి. ఎవరు ఇచ్చారు, ఏ తేదీల గురించి, అది మీ డెడ్‌లైన్‌తో ఎలా కలుస్తుంది. అనారోగ్యమైతే ఉన్నప్పుడే డాక్టర్‌కి చూపించుకోండి. తగ్గిపోయాక జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక డాక్టర్) దగ్గరికి వెళ్తే, తనకు పోయిన వారం ఒంట్లో బాగాలేదని పేషెంట్ చెబుతున్నారు అని రాసిస్తారు. ఆ కాగితానికి విలువ ఉండదు. డాక్టర్ స్వయంగా చూసి రాసింది కావాలి.

వీసా దరఖాస్తుతో పాటు ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు కదా. వచ్చిన మొదటి వారమే జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోండి, దానికి డబ్బు తీసుకోరు. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ సలహా నంబర్ 111కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీకి వెళ్తే డిశ్చార్జ్ లెటర్ దాచుకోండి. ఇంగ్లాండ్‌లో ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో మీ జీపీ రికార్డు, మందుల చీటీ కనబడతాయి. యూనివర్సిటీ కోసం ప్రత్యేకంగా లెటర్ రాయమంటే జీపీ ఫీజు అడగవచ్చు. అందుకని ముందు ఈ ఉన్న రికార్డు సరిపోతుందేమో ఆఫీసులో అడగండి.

ఇంట్లో మరణం జరిగితే అడగడానికే నోరు రాదు, తెలుసు. కానీ డెత్ సర్టిఫికెట్ కావాలి. ఊళ్ళో మున్సిపాలిటీ లేదా పంచాయతీలో నమోదు చేయించి సర్టిఫికెట్ తెమ్మని అన్నయ్యకో బాబాయికో మొదటి వారంలోనే చెప్పండి. మన దగ్గర మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. కర్మకాండల హడావిడిలో ఇంట్లోవాళ్ళు అదంతా పెద్దకర్మ అయ్యాక చూద్దాం అంటారు. ఈలోపు మీ గడువు అయిపోతుంది. అందుకే ఫారం మాత్రం వెంటనే పెట్టేసి, సర్టిఫికెట్ తర్వాత పంపుతానని అందులోనే రాయండి. దీనికి చాలా చోట్ల ఒప్పుకుంటారు. సర్టిఫికెట్ తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. మీరే అనువదించుకుంటే ఒప్పుకోరు.

తర్వాత చుట్టరికం చూపించాలి. ఇది మనకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు. అమ్మమ్మ ఇంటిపేరు వేరు, మీ ఇంటిపేరు వేరు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఈ ఇద్దరూ ఏమవుతారో పేరు చూస్తే తెలియదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే పద్ధతి ఇది. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది. అమ్మ పదో తరగతి సర్టిఫికెట్‌లోనో పాన్ కార్డులోనో ఆవిడ తండ్రి పేరు, అంటే తాతయ్య పేరు ఉంటుంది. డెత్ సర్టిఫికెట్‌లోనో అమ్మమ్మ ఆధార్‌లోనో భర్త పేరుగా అదే తాతయ్య పేరు ఉంటుంది. ఈ మూడు కాగితాలూ ఒకే పీడీఎఫ్‌లో పెట్టి, ఏ పేరు ఎక్కడుందో పైన రెండు వాక్యాల్లో రాయండి. ఇంటిపేర్లు ఎందుకు కలవవో ఒక్క వాక్యం చేర్చండి. చదివేవాళ్ళు మళ్ళీ ప్రశ్న వేయాల్సిన పని ఉండదు. కొన్ని పాలసీల్లో దగ్గరి బంధువుల జాబితాలో అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల పేర్లు ఉండవు. అప్పుడు మిమ్మల్ని పెంచింది ఆవిడే అయితే ఆ మాట తప్పకుండా రాయండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. ఊళ్ళో తెలిసిన డాక్టర్ దగ్గర నాన్న ఓ సర్టిఫికెట్ రాయించి వాట్సాప్‌లో పంపుతానంటారు. కాలేజీలో హాజరు తగ్గితే అలా తెచ్చుకున్న అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంటారు. మీరు యూకేలో ఉన్న తేదీకి విజయవాడ డాక్టర్ పరీక్ష చేసినట్టు కాగితం ఉంటే ఇక చెప్పేదేముంది? దొంగ పత్రం తేలితే అది క్రమశిక్షణ కేసు. కోర్సు నుంచి తీసేయవచ్చు, దాంతో వీసా కూడా పోతుంది. నిజంగా ఆధారం లేకపోతే లేదనే రాయండి. ఎందుకు లేదో చెప్పండి. పర్సనల్ ట్యూటర్‌కి (మీ బాగోగులు చూడటానికి కేటాయించిన లెక్చరర్‌కి) ఆ రోజుల్లో మీరు పంపిన ఈమెయిల్ ఉంటే జతచేయండి.

5. స్టేట్‌మెంట్ రాయడం

స్కూల్లో నేర్చుకున్న సెలవు చీటీ భాష వదిలేయండి. సవినయంగా మనవి, దయచేసి కరుణించండి, మీకు ఎల్లప్పుడూ కృతజ్ఞుడినై ఉంటాను లాంటివి ఇంగ్లీషులోకి మార్చి పెడితే చదివేవాళ్ళకి కావలసింది ఒక్కటీ దొరకదు. వాళ్ళు వెతికేది తేదీలు.

భావం ఇలా ఉండాలి: మార్చి 3 రాత్రి నుంచి తీవ్ర జ్వరం, గొంతు నొప్పి. 4న 111కి ఫోన్ చేశాను. 5న జీపీ చూసి టాన్సిలైటిస్ అని చెప్పి యాంటీబయాటిక్స్ ఇచ్చారు, చీటీ జతచేశాను. 3 నుంచి 8 వరకు పని చేయలేకపోయాను. రిపోర్టు డెడ్‌లైన్ 9. అప్పటికి డేటా విశ్లేషణ పూర్తయింది, చర్చ భాగం మిగిలింది. అందుకని ఐదు పనిదినాలు అడుగుతున్నాను.

అంతే, ఏడెనిమిది వాక్యాలు. చివర ఏం కావాలో స్పష్టంగా అడగండి. దెబ్బతిన్న ప్రతి మాడ్యూల్ (సబ్జెక్టు) పేరూ, కోడూ రాయండి. ఒక్కటి మర్చిపోతే దానికి వర్తించదు. మానసికంగా కుంగిపోయిన విషయమైతే వివరాలన్నీ విప్పి చెప్పుకోనక్కర్లేదు. కౌన్సెలర్ లెటర్ ఉంటే చాలు. దరఖాస్తును చూసేది కొద్దిమందే, మీ లెక్చరర్లకు సాధారణంగా వివరాలు చేరవు.

ఇంకా అనుమానంగా ఉంటే పంపేముందు స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రంలో చూపించండి. వాళ్ళు యూనివర్సిటీకి లోబడినవాళ్ళు కారు, డబ్బు అడగరు, రోజూ ఇలాంటి ఫారాలే చూస్తుంటారు. నేను ఆ తలుపు తట్టింది తిరస్కారం వచ్చాక.

6. పరీక్ష రోజు

ఫిట్ టు సిట్ అనే రూల్ చాలా యూనివర్సిటీల్లో ఉంది. హాల్లోకి అడుగుపెట్టి రాయడం మొదలుపెట్టారంటే, ఆన్‌లైన్ పరీక్షైతే పేపర్ తెరిచారంటే, నేను బాగానే ఉన్నాను అని సంతకం పెట్టినట్టే లెక్క. ఇండియాలో మనకు నేర్పింది దీనికి పూర్తిగా తలకిందులు. ఏదైనా సరే పరీక్ష మానకూడదు, వెళ్ళి వచ్చినంత రాయాలి అని. ఇక్కడ ఆ పట్టుదలే నష్టం చేస్తుంది. రాయలేని స్థితిలో ఉంటే వెళ్ళకండి. ఆ రోజే ఫారం పెట్టండి.

రాస్తుండగా మధ్యలో బాగోలేకపోతే మౌనంగా పూర్తి చేయొద్దు. చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌కి చెప్పండి, వాళ్ళు రిపోర్టులో రాస్తారు. అదే మీ మొదటి ఆధారం. బయటికి వచ్చి ఆ రోజే డాక్టర్‌ని కలవండి.

7. ఏమిస్తారు, ఏమివ్వరు

మార్కులు కలపరు. ఇది మొదట మనసులో పెట్టుకోండి. 48 వస్తే దయతలచి 50 చేయరు. ఇచ్చేది అవకాశం: ఎక్స్‌టెన్షన్, ఆలస్యానికి కోసిన మార్కులు తిరిగి వేయడం, లేదా డెఫరల్.

డెఫరల్‌కీ రీసిట్‌కీ తేడా బాగా తెలుసుకోండి. ఈసీ ఒప్పుకుంటే ఆ పరీక్షను తర్వాతి విడతలో మొదటిసారి రాసినట్టే రాస్తారు, 74 వస్తే 74 పడుతుంది. ఫెయిలై రీసిట్ రాస్తే సాధారణంగా క్యాప్ ఉంటుంది. 74 వచ్చినా మాస్టర్స్‌లో 50, డిగ్రీలో 40 అని నమోదవుతుంది. మెరిట్‌కి 60, డిస్టింక్షన్‌కి 70 కావాలి కాబట్టి ఒక్క క్యాప్ మొత్తం ఫలితాన్ని కిందికి లాగుతుంది.

జవాబు వచ్చేదాకా ఎక్స్‌టెన్షన్ వచ్చేసిందనుకుని కూర్చోవద్దు. ఎంత అయితే అంత పూర్తి చేస్తూ ఉండండి.

8. వీసా లెక్క చూసుకోండి

ఇండియా వెళ్ళాల్సివస్తే టికెట్ కొనేముందు యూనివర్సిటీకి చెప్పి సెలవు మంజూరు చేయించుకోండి. ఈసీ ఫారం వేరు, ఈ అనుమతి వేరు. మీ వీసాకి స్పాన్సర్ యూనివర్సిటీయే, మీ హాజరు చూసే బాధ్యత వాళ్ళది.

ఒకటి రెండు పరీక్షలు వాయిదా వేసుకోవడం, చదువే కొంతకాలం ఆపేయడం ఒకటి కావు. ఆపేస్తే యూనివర్సిటీ, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీసుకి తెలియజేస్తుంది, వీసా కుదించుకుపోవచ్చు. ఎవరైనా ఆపేయమని సలహా ఇస్తే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుతో మాట్లాడకుండా సరే అనొద్దు.

డిసర్టేషన్ ఎక్స్‌టెన్షన్ అడిగేవాళ్ళు క్యాలెండర్ ముందు పెట్టుకోండి. పన్నెండు నెలలు, ఆపైన ఉండే కోర్సుకి స్టూడెంట్ వీసా కోర్సు ముగిశాక నాలుగు నెలలు ఉంటుంది. సెప్టెంబర్‌లో అయిపోయే కోర్సుకి వీసా జనవరి దాకా. చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి ఆ గడువులోపు, యూకేలో ఉండగానే దరఖాస్తు చేయాలి. దానికంటే ముందు మీరు కోర్సు పూర్తి చేశారని యూనివర్సిటీ హోమ్ ఆఫీసుకి చెప్పి ఉండాలి. డిసర్టేషన్ డిసెంబర్‌కి జరిగితే దిద్దడం, పరీక్షల బోర్డు కూర్చోవడం, ఫలితం ప్రకటించడం జనవరిలోపు అవుతాయా? ఈ ప్రశ్న ఎక్స్‌టెన్షన్ అడిగే రోజే ఆఫీసులో అడగండి. 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు పీహెచ్‌డీ కాని వాళ్ళకి గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళ నుంచి 18 నెలలకు తగ్గుతోంది కాబట్టి తేదీల విలువ ఇంకా పెరిగింది.

9. కాదన్నారా?

ముందు ఎందుకు కాదన్నారో చదవండి. ఆధారం చాలలేదు అని ఉంటే, దొరకని కాగితం ఇప్పుడు దొరికిందని మళ్ళీ పంపవచ్చేమో అడగండి. లేదంటే అప్పీల్. దానికి గడువు చాలా తక్కువ, రోజుల్లోనే ఉంటుంది. అప్పీల్‌లో నాకు అన్యాయం జరిగింది అంటే పని జరగదు. తమ రూల్‌ని తామే పాటించలేదనో, అప్పట్లో ఇవ్వలేకపోయిన ఆధారం ఇప్పుడు ఉందనో, అప్పుడు ఇవ్వలేకపోవడానికి బలమైన కారణం ఇదనో చూపించాలి. నా సమాధానానికి ఎక్కువ మార్కులు రావాలి అన్న వాదన ఏ మెట్టులోనూ వినరు.

లోపలి దారులన్నీ అయిపోతే యూనివర్సిటీ కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ అనే లెటర్ ఇస్తుంది. ఆ లెటర్ జాగ్రత్తగా దాచుకోండి. ఇంగ్లాండ్, వేల్స్‌లో చదివేవాళ్ళు ఆ లెటర్ తేదీ నుంచి 12 నెలల్లోపు విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కి ఫిర్యాదు చేయవచ్చు. విద్యార్థికి ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, ఇండియాకి తిరిగి వెళ్ళిపోయాక కూడా పంపవచ్చు. స్కాట్లాండ్‌లో ఆ పని చేసేది స్కాటిష్ పబ్లిక్ సర్వీసెస్ ఆంబుడ్స్‌మన్. అక్కడికి వెళ్ళే కేసులో మీ చేతిలో ఉండాల్సినవి మొదటి రోజు నుంచి పంపిన ఈమెయిళ్ళు, ఫారం పెట్టినప్పుడు వచ్చిన రసీదు, ఆ రోజున్న పాలసీ కాపీ. పోర్టల్ లాగిన్ కోర్సు అయ్యాక మూసేస్తారు కాబట్టి వీటన్నిటినీ మీ సొంత మెయిల్‌కి ఇప్పుడే పంపేసుకోండి.